నాక్‌గూల్ బాయిలో చాయ్

ఐర్లండ్ చూడటానికి వచ్చిన మా అత్తయ్య శంకరమ్మకు మొదటి నెలన్నరలో ఇక్కడ నచ్చింది ఒక్క వాషింగ్ మెషీనే. సముద్రం పక్కన నిలువునా లేచిన కొండచరియల దగ్గరికి తీసుకెళ్తే "గాలి మంచిగున్నది" అంది. డబ్లిన్‌లో లువాస్ ట్రామ్ ఎక్కిస్తే "సీట్లు మెత్తగున్నయి" అంది. మా లిమరిక్ కోట చూపిస్తే "ఇంత పెద్దది ఎవలు ఊడుస్తరు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వచ్చి కారెక్కింది. సెలవులు పెట్టి, పెట్రోలు పోయించి, పులిహోర కట్టుకుని చేసిన యాత్రలన్నీ ఇలా రెండేసి మాటల్లో తేలిపోయాయి. రాతలో 'గారు'లు తగ్గించాను, ఏమనుకోకండి. ఎదురుగా ఉంటే నాకంత ధైర్యం లేదు.

అలాంటి మనిషి ఒక శనివారం పెట్రోలు బంకులో, కాఫీ మెషీన్ పక్కన పెట్టిన టూరిస్టు కాగితాల్లోంచి ఒకటి లాగి నా ముందు పెట్టింది. హెల్మెట్‌కి దీపం కట్టుకున్న మనిషి ఒకడు రాళ్ల మధ్య పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు ఆ బొమ్మలో.

"ఇది బాయి గదా?" అంది.

బాయి అంటే బొగ్గుగని. మా అత్తగారిది మందమర్రి, బొగ్గు ఊరు. నేను తెనాలి దాన్ని. మా మామయ్య రాజమల్లు ముప్పై నాలుగేళ్లు గనిలో పనిచేశాడు. మొదట్లో బొగ్గు తట్టలు మోశాడు, తర్వాత గని కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పనికి మారాడు. ఆ ముప్పై నాలుగేళ్లూ అత్తయ్య గని గేటు దాకా వెళ్లింది, అక్కడే ఆగింది. మన దేశంలో ఆడవాళ్లు భూగర్భ గనిలోకి దిగకూడదని చాలాకాలం చట్టమే ఉండేది.

"అవునత్తయ్యా, గనే. ఇప్పుడు మూసేశారట. లోపలికి తీసుకెళ్లి చూపిస్తారట."

"ఆడోళ్లను దిగనిస్తరా?"

"టికెట్ కొంటే ఎవరినైనా దిగనిస్తారు."

అత్తయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. "ఎప్పుడు పోదాం?" అని అడిగింది. ఐర్లండ్‌లో ఆవిడ ఆ ప్రశ్న వేయడం అదే మొదటిసారి.

బట్టల తీగ దగ్గర బేరం

మర్నాడు ఉదయం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మామయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. క్లిప్పులు అందించాడు. ఆ పని ఆయన ఎన్నడూ చేయలేదు కాబట్టి ఏదో ఉందని నాకు అర్థమైంది.

"వాణీ, ఆ కాయితం ఎక్కడన్న పారెయ్యి బిడ్డా."

"ఎందుకు మామయ్యా?"

"ఆమె బాయి చూడొద్దు."

మెల్లగా మొత్తం కక్కాడు. పెళ్లయిన కొత్తలో అత్తయ్య భయపడుతుందని మామయ్య గని గురించి ఒక చిన్న అబద్ధం చెప్పాడు. కింద పెద్ద పెద్ద ఫ్యాన్లున్నాయి, ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది అని. దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి చెప్పాడు. రోడ్లు విశాలంగా ఉంటాయి, దుమ్ము లేదు. ఆ తర్వాత మధ్యాహ్నం చాయ్ ఇస్తారని కూడా చెప్పాడు. బొగ్గు రాయి తగిలి గాయమైతే ఆ పొడి చర్మం కింద ఉండిపోయి నీలం మచ్చ పడుతుంది. వీపు మీద అలాంటి మచ్చ పడినప్పుడల్లా సైకిల్ మీంచి పడ్డానన్నాడు.

"ఒకపారి కప్పు కూలింది," అన్నాడు. "సైరన్ కొట్టిన్రు. ఆడోళ్లందరు గేటు కాడికి ఉరికొచ్చిన్రు. పొద్దుగాల దిగిన మేము పొద్దుగూకంగ పైకొచ్చినం. దేవుని దయ, అందరం వచ్చినం. ఆమె గేటు కాడ నిలబడ్డది. ఏం చెప్పాల్నో తోచలే. 'కింద చాయ్ ఇచ్చిన్రు, ముచ్చట్లల పడి లేటయింది' అన్న."

"నమ్మారా?"

"నమ్మింది. 'చక్కెర సరిపోయిందా?' అని అడిగింది."

నాకు నవ్వాగలేదు. మామయ్య మాత్రం నవ్వలేదు. "నవ్వకు బిడ్డా. అయిపోయిన భయం గది. ఇప్పుడు చూసిందనుకో, ముప్పై నాలుగేండ్లది ఒక్కపారే భయపడతది. ఈ వయసుల అవసరమా?"

వద్దంటే అత్తయ్య వినదని ఇద్దరికీ తెలుసు. అప్పుడు అసలు బేరం బయటపెట్టాడు. అత్తయ్యకు ఇంగ్లీషు రాదు. లోపల గైడ్ చెప్పేదంతా నేనే తెలుగులో చెప్పాలి. కాబట్టి నేను కొంచెం ఆయన వైపు నిలబడి చెప్పాలి.

"అంటే అబద్ధం చెప్పమంటారా?"

"నువ్వు చేసిన పరోటాల ప్యాకెట్లు చెత్తడబ్బల అడుగుకు దాస్తవు గదా," అన్నాడు మామయ్య, క్లిప్పు అందిస్తూ. "నేను ఎవలికన్న చెప్పిన్నా?"

దుకాణంలో కొన్న పరోటాలను నేనే చేశానని వడ్డిస్తుంటాను మరి. బేరం అక్కడికక్కడే కుదిరిపోయింది.

వెండి ఆశ

మా ఆయనకు ప్లాంటులో షిఫ్టు, వీలుపడలేదు. నేనే కారు నడిపాను. లిమరిక్ నుంచి నాక్‌గూల్ ఉత్తరాన, లాక్ అలెన్ సరస్సు పైనున్న కొండల్లో ఉంటుంది. ముందు రాత్రికి క్యారిక్ అనే ఊరు చేరి, మర్నాడు గని చూడాలని పథకం. మామయ్య పథకం వేరే.

నేనా అనే ఊరి దగ్గరికి వచ్చేసరికి వెండి గనుల పేరు పెట్టుకున్న ఊరి బోర్డు ఒకటి కనిపించింది. దాని అర్థం చెప్పడం నా తప్పు. మామయ్య సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "వెండి బాయి ఉండంగ బొగ్గు బాయేంది? చూస్తే వెండిదే చూడాలె. ఇట్ల తిప్పు."

"అది కూడా మూసేశారు మామయ్యా. లోపలికి పోనివ్వరు."

"బయటికెల్లి చూద్దాం. అదే మంచిది."

వెనక సీట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "నా కాలి కడియాలు అమ్మినప్పుడు యాదికి రాలే వెండి. సక్కగ పోనీ బిడ్డా."

కారు సక్కగా పోయింది.

బిర్‌లో కడుపునొప్పి

బిర్ ఊళ్లో టీకి ఆగినప్పుడు మామయ్యకు కడుపునొప్పి వచ్చింది. మామూలు నొప్పి కాదట, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్తే తప్ప తగ్గని నొప్పి. అత్తయ్య కంగారు పడలేదు, వాము తీసి చేతిలో పోసింది. నేను మాత్రం ఇక్కడి పద్ధతి వివరించాను. డాక్టరును ఇక్కడ జీపీ అంటారని, ఆయన్ని ఒక్కసారి చూస్తే అరవై యూరోలు అడుగుతారని, అంటే మన ఆరు వేల పైమాటేనని, నాడి పట్టుకుని "గ్రాండ్", అంటే అంతా బాగుంది, అని పంపించేస్తారని చెప్పాను.

"ఆరు వేలా?"

"మందులు వేరే."

నొప్పి కొంచెం పైకి జరిగింది, తర్వాత మాయమైంది. ఆయన నా ప్లేటులో మిగిలిన స్కోన్ కూడా తిన్నాడు. స్కోన్ అంటే తీపి తక్కువ బన్ను. దానికి వెన్న, జామ్ రాసుకుంటారు. అవి రాయకుండా తింటే గొంతులో నిలబడిపోయి, మాట్లాడనివ్వదు. మామయ్యకు అలాగే తినిపించమని అత్తయ్య నా చెవిలో చెప్పింది.

ఒంటి వేలి నమస్కారం

రాస్‌కామన్ దాటాక రోడ్లు సన్నబడ్డాయి. ఈ పల్లె రోడ్ల మీద ఒక ఆచారం ఉంది. ఎదురుగా వచ్చే డ్రైవరు ఎవరైనా సరే, స్టీరింగు మీద చెయ్యి తీయకుండా చూపుడువేలు ఒక్కటి పైకెత్తి పలకరిస్తాడు. పరిచయం అక్కర్లేదు. మొదటివాడు వేలెత్తినప్పుడు మామయ్య ఉలిక్కిపడ్డాడు.

"ఏందట?"

"నమస్తే అంటున్నాడు."

"ఒక్క వేలుతోనా? అంత పిసినారితనమేంది?"

రెండోవాడికి మామయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. మూడో బండి ట్రాక్టరు. దాని మీదున్న ముసలాయన ఈ దణ్ణం చూసి వేగం తగ్గించి, టోపీ తీశాడు. ఆ తర్వాత క్యారిక్ దాకా మామయ్య ఎదురొచ్చిన ప్రతి బండికీ దణ్ణం పెడుతూనే ఉన్నాడు. గని సంగతి మర్చిపోయాడనుకున్నాను. అంత అమాయకత్వం కోడలికి పనికిరాదు.

క్యారిక్‌లో నల్ల

రాత్రి దిగింది ఒకావిడ ఇంట్లోనే. పైన మూడు గదులు అద్దెకిస్తుంది, పొద్దున తనే వండి పెడుతుంది. వచ్చీరాగానే ఎండలో వచ్చారా వానలో వచ్చారా అని అడిగింది. పది నిమిషాల తర్వాత కూడా మేమింకా వాతావరణం దగ్గరే ఉన్నాం. మా ఊళ్లో అయితే ఈపాటికి జీతమెంత, పిల్లలెంతమంది, పిండిలో మెంతులు వేస్తావా లేదా అనేవి అయిపోయి ఉండేవి.

పొద్దున టేబుల్ మీదికి పళ్లేలు వచ్చాయి. గుడ్లు, బేకన్, పుట్టగొడుగులు, టొమాటో, పక్కన రెండు నల్లటి బిళ్లలు. నా బిళ్లల్ని నేను మర్యాదగా టొమాటో కిందికి తోశాను. మామయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని ఆగిపోయాడు.

"శంకరమ్మా, ఇది మన నల్ల గాదే?"

తెలంగాణలో మేకను కోసినప్పుడు నెత్తురును గడ్డకట్టించి, ఉల్లిపాయ వేసి వేపుతారు. దాన్నే నల్ల అంటారు. ఇక్కడ పందినెత్తురుతో చేసి బ్లాక్ పుడ్డింగ్ అంటారు. అత్తయ్య కూడా రుచి చూసింది. "కారం లేదు గని నల్లనే" అని తీర్పిచ్చింది. వీళ్ల తిండి గురించి ఆవిడ చెప్పిన మొదటి మంచి మాట అది. ఇంటావిడ మురిసిపోయి ఇంకో నాలుగు బిళ్లలు తెచ్చింది. మామయ్య ఆ నాలుగూ, నా టొమాటో కింద ఉన్న రెండూ తిన్నాడు. ఇక కడుపునొప్పి అనే దారి ఆయనకు ఆయనే మూసుకున్నాడు.

బయల్దేరబోతే అత్తయ్య బూట్లు కనిపించలేదు. గనిలోకి మూసిన బూట్లు ఉంటేనే రానిస్తారు. అందుకే లిమరిక్‌లో ఆవిడకు బూట్లు కొన్నాం, జీవితంలో మొదటి జత. మంచం కింద వెతికాం, కారులో వెతికాం. మామయ్య అందరికంటే ఎక్కువ వెతికాడు. పూలకుండీ లోపల కూడా చూశాడు. "నసీబుల లేదు, ఏం జేస్తం, ఇంటికి పోదాం" అన్నాడు.

అప్పుడు ఇంటావిడ మేడమీంచి బూట్లు పట్టుకుని దిగింది. "హాట్ ప్రెస్‌లో తువ్వాళ్ల మీద ఉన్నాయి. తెలివైన పని. రాత్రంతా ఉంచితే ఎంత వెచ్చగా ఉంటాయో!"

ఇక్కడ అల్మారాను ప్రెస్ అంటారు. వేడినీళ్ల ట్యాంకు ఉండే వెచ్చటి అల్మారా హాట్ ప్రెస్. ఇంట్లో ప్రతి తువ్వాలూ, ప్రతి దుప్పటీ అందులోంచే వస్తాయి. ఐర్లండ్‌లో ఏదైనా దాచడానికి అంతకంటే పనికిమాలిన చోటు లేదు. అత్తయ్య వెచ్చటి బూట్లలో కాళ్లు పెట్టి, "ఆహా" అని కళ్లు మూసుకుంది. తర్వాత కళ్లు తెరిచి మామయ్యను చూసింది. ఆయన పూలకుండీని చూస్తున్నాడు.

నాక్‌గూల్

ఊరు అంటే ఒక చర్చి, ఒక పబ్, తలుపు మూసిన పోస్టాఫీసు, కొండ వాలున వరసగా గని కూలీల ఇళ్లు. కొండ మీద ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి. ఒకప్పుడు ఇక్కడి బొగ్గుతో సరస్సు పక్కన కరెంటు తయారుచేసేవారట. పొర సన్నబడింది, గని మూతపడింది, కుర్రాళ్లు ఇంగ్లండుకు పోయారు. మిగిలిన ముసలివాళ్లు గనిని ఊడ్చి, దీపాలు పెట్టి, టికెట్లు అమ్ముతున్నారు. మందమర్రిలో మూతపడ్డ బాయిలను అత్తయ్య చాలానే చూసింది, వాటికి ఎవరూ టికెట్ పెట్టలేదు.

టికెట్ పదకొండు యూరోలు. మామయ్యకు ఇది అన్నిటికంటే అన్యాయంగా తోచింది. "నేను దిగితె నాకు పైసలిచ్చిన్రు. ఈన్నేమో మనమియ్యాల్నా? నేను రాను. నేను చూడంది ఏమున్నది?"

టికెట్లిచ్చే నోరా అనే పెద్దావిడ ఆయనకు కిటికీ పక్కన కుర్చీ వేసి, కెటిల్ పెట్టింది. అత్తయ్యకిచ్చిన హెల్మెట్ కొప్పు మీద కూర్చోలేదు. ఆవిడ అక్కడే కొప్పు విప్పి జడ వేసుకుంది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. మామయ్య నా వైపు చూసి ఒక క్లిప్పు తీగకు తగిలిస్తున్నట్టు వేళ్లతో సైగ చేశాడు. మన బేరం గుర్తుందా అని.

గైడ్ పేరు షేమస్. డెబ్బై దాటి ఉంటాడు, ఇదే గనిలో ఇరవై ఏళ్లు చేసినవాడు. ఆయన, మేమిద్దరం, సైకిళ్ల మీద వచ్చిన ఇద్దరు, ఇంకో నలుగురు సందర్శకులు కలిసి తొమ్మిది మందిమి లోపలికి నడిచాం.

బాయిలో

లోపల చలి. గోడల వెంట నీళ్లు కారుతున్నాయి. ఒకచోట షేమస్ ఆగి, గోడలో మోకాలెత్తు కూడా లేని సందు చూపించాడు.

"బొగ్గు పొర ఇంతే. ఇందులో పక్కకి పడుకుని తవ్వేవాళ్లం. షిఫ్టంతా అలాగే."

అత్తయ్య నా వైపు తిరిగింది. "ఏమంటున్నడు?"

"అలసిపోతే ఇక్కడ కాసేపు పడుకునేవారట, అత్తయ్యా."

"మంచిగున్నది."

"నీళ్లు మీద పడుతూనే ఉండేవి," అన్నాడు షేమస్. "ఇంటికి వెళ్లేదాకా ఒళ్లు ఆరేది కాదు."

"చల్లగా ఉండాలని నీళ్లు చల్లేవారట."

"ఓహో."

"కప్పుకు పెట్టిన కర్ర కిర్రుమంటే పరుగెత్తాలి. అందుకే ఎప్పుడూ చెవులు రిక్కించి ఉండేవాళ్లం."

"పని చేసేటప్పుడు పాటలు వినేవారట," అన్నాను.

అత్తయ్య గంభీరంగా తలూపింది. మా వెనకున్న దంపతులు ఆవిడ ముఖంలో భక్తి చూసి ముచ్చటపడ్డారు. ఇంత కష్టం విని ఈ పెద్దావిడ చలించకుండా ఎలా ఉందోనని షేమస్ కూడా నా వైపు అనుమానంగా చూశాడు. నాకు చెమటలు పట్టాయి. చేసిన పాపం నాలుగు పరోటా ప్యాకెట్లు, శిక్ష మాత్రం చాలా పెద్దదిగా ఉంది.

అప్పుడు అత్తయ్య దీపం షేమస్ ముఖం మీద పడింది. ఆయన కణత మీద నీలం గీత ఒకటుంది. అత్తయ్య దగ్గరికెళ్లి దాన్ని పరీక్షగా చూసింది.

"ఆయననడుగు, సైకిల్ మీదికెల్లి పడ్డడా అని."

అడగక తప్పలేదు. షేమస్ పెద్దగా నవ్వాడు. "సైకిలా? కప్పులోంచి రాయి పడిందమ్మా. ఈ కొండ మీద పనిచేసిన ప్రతివాడికీ ఒకటైనా ఉంటుంది."

"అవునట అత్తయ్యా, సైకిలేనట," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఈ యాత్రలో ఆఖరున, గని చీకటి ఎలా ఉంటుందో చూపించడానికి దీపాలన్నీ ఆర్పుతారు. షేమస్ మా హెల్మెట్ దీపాలు ఆర్పమన్నాడు. గోడ మీది స్విచ్ నొక్కాడు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే అయింది. నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలియలేదు. ఆ చేతిని అత్తయ్య పట్టుకుంది.

"ఇగ జాలు," అంది నెమ్మదిగా. "సక్కగ చెప్పు. ఏమేం అన్నడు?"

ఆ చీకట్లో అబద్ధం రాలేదు. అన్నీ చెప్పాను. పడుకుని తవ్వడం, నీళ్లు, కర్ర కిర్రుమనడం, రాయి. ఆవిడ అడ్డురాకుండా వింది.

"మీ మామకు ఈపు మీద ఏడు మచ్చలున్నయి. పెండ్లినాడు ఒక్కటి లేకుండె. ఏడుమాట్ల సైకిల్ మీదికెల్లి పడ్డడట, ఏడుమాట్ల ఎల్లకిలనే పడ్డడట." అంది. "మా ఇంట్ల సైకిలే లేకుండె బిడ్డా."

"మరి ఎప్పుడూ అడగలేదా అత్తయ్యా?"

"అడిగితె ఏమొస్తది? నిజం చెప్తే తెల్లారి నేను పంపుదునా? పంపకపోతే తిండెట్ల? నేను నమ్మినట్టు ఉంటేనే ఆయనకు పోబుద్ధయితుండె."

"అన్నీ తెలిసినప్పుడు ఇక్కడికెందుకు వచ్చారు?"

"చూద్దామనే. అన్నేండ్లు గేటు కాడ నిలబడి, లోపల ఎట్లుంటదో అని మనసుల బొమ్మ గీసుకున్న. నేను గీసుకున్నది ఇంతకంటె ఘోరంగుండె. ఇప్పుడు జర నిమ్మలమైంది." నా చెయ్యి నొక్కింది. "పైకి పోయినంక ఏం తెల్వనట్టే ఉండు. నీ పరోటాల కాడ నేను ఉంటలేనా?"

చీకటికి నేను దణ్ణం పెట్టుకున్నాను. నా ముఖం ఎవరికీ కనపడలేదు.

షేమస్ స్విచ్ వేశాడు. దీపాలు వెలగలేదు. మళ్లీ వేశాడు, ఊహూ. రెండు మాటలు ఐరిష్‌లో అన్నాడు, అవి ప్రార్థనలు కావు. తన హెల్మెట్ దీపం వెలిగించి, కొండంతటా కరెంటు పోయినట్టుందనీ, దారిలో నీళ్లున్నాయి కాబట్టి ఈ చిన్న దీపాలను నమ్ముకుని అందర్నీ నడిపించననీ, మా దీపాల బ్యాటరీలు దాచుకోమనీ, కరెంటు వచ్చేదాకా కూర్చోవాలనీ చెప్పాడు. ఒకమ్మాయి ఊపిరి గట్టిగా పీల్చడం మొదలుపెట్టింది.

అత్తయ్య సంచి విప్పింది. లిమరిక్ వంటింట్లో రెండు రోజులు కూర్చుని చుట్టిన సకినాలు డబ్బా నిండా ఉన్నాయి. ఆ అమ్మాయితో మొదలుపెట్టి అందరికీ తలా రెండు పంచింది. ఒక్క దీపం వెలుగులో ఎనిమిది మంది కరకరలాడిస్తుంటే, ఆ చప్పుడుకి ఇక ఎవరూ భయపడలేకపోయారు. షేమస్ తిన్నాడు, ఇంకోటి అడిగాడు, అది కూడా తిని "గ్రాండ్" అన్నాడు. అత్తయ్యకు ఆ మాట అర్థమైంది. "ఈయన మంచిమనిషి. సైకిల్ ముచ్చట ఒక్కటి అబద్ధమాడిండు," అని నాకు కన్ను గీటింది.

పైన

కరెంటు వచ్చి మేం బయటపడేసరికి అరగంట దాటింది. సన్నగా వాన. గని నోటి దగ్గర కట్టిన గొలుసును రెండు చేతులా పట్టుకుని మామయ్య నిలబడి ఉన్నాడు. నెత్తిన టోపీ లేదు, స్వెట్టరు తడిసి వేలాడుతోంది. పక్కన నోరా ఆయన తల మీద గొడుగు పట్టడానికి నానా తంటాలు పడుతోంది. గొడుగు అటు వస్తే ఈయన ఇటు జరుగుతున్నాడు, లోపలికి కనబడటం లేదని.

"దీపాలు పోగానే టీ వదిలేసి లేచారు," అంది నోరా నాతో తర్వాత. "ఎంతమంది దిగారని వేళ్లతో అడిగారు. తొమ్మిది అని చూపించాను. వాళ్లు గ్రాండ్‌గా ఉన్నారని చెప్పాను. మళ్లీ అడిగారు. పదకొండుసార్లు అడిగారు, పదకొండుసార్లూ గ్రాండ్ అనే చెప్పాను."

ఈ దేశంలో గ్రాండ్ అంటే వాన తగ్గిందని, కూర ఉడికిందని, కాలు విరిగినా పర్లేదని. మామయ్యకు ఆ సంగతి ఈపాటికి తెలుసు. అందుకే ఆ మాట ఆయనకు ఏమాత్రం పనిచేసి ఉండదు.

మేం ఒక్కొక్కరం వెలుతురులోకి వస్తుంటే ఆయన తెలుగులో లెక్కపెడుతున్నాడు. మూడు. నాలుగు. సైకిళ్ల మీద వచ్చిన ఇద్దరు. అయిదు, ఆరు. ఏడుగా నేను వచ్చాను. నన్ను చూసి కూడా ఆయన చూపు నా మీద ఆగలేదు, నా వెనక్కి పోయింది. ఆ చూపు నేను ఇంతకుముందు ఎవరిలోనూ చూడలేదు.

ఎనిమిది, అత్తయ్య. చెంప మీద బొగ్గు మసి, చేతిలో ఖాళీ సకినాల డబ్బా. ఆమె వెనక తొమ్మిదో మనిషిగా షేమస్.

మామయ్య గొలుసు వదిలాడు. వెంటనే మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇంతసేపా? ఏం జేస్తున్నవే లోపల? అరగంటాయె!"

అత్తయ్య ఆగింది. తడిసిన ఆయన తల చూసింది, ఎర్రబడ్డ చేతివేళ్లు చూసింది. గేటు దగ్గర ఒకరు ఎలా నిలబడతారో ఆవిడకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. కొంగు తీసి ఆయన తల తుడిచింది.

"కింద చాయ్ ఇచ్చిన్రు," అంది. "ముచ్చట్లల పడి లేటయింది."

మామయ్య ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూశాడు. ముప్పై నాలుగేళ్లు తను చెప్పినవన్నీ ఒకదాని వెనక ఒకటి ఆయనకు గుర్తొచ్చినట్టున్నాయి, ఫ్యాన్లు, రోడ్లు, ఆ లేని సైకిలు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాన ఉంది కాబట్టి సరిపోయింది. చెయ్యి చాచి బొటనవేలితో ఆవిడ చెంప మీది మసి తుడిచాడు.

"చక్కెర సరిపోయిందా?" అని అడిగాడు.

"కొంచెం తక్కువైంది," అంది అత్తయ్య.

ఇద్దరూ కారు వైపు నడిచారు. నేను వెనకే డబ్బా పట్టుకుని నడిచాను. దారిలో ఎదురొచ్చిన బళ్లకు ఈసారి ఇద్దరూ దణ్ణాలు పెట్టారు.

నాక్‌గూల్ వెళ్లాలనుకునే వాళ్లకు చెప్పేవి రెండే. మూసిన బూట్లు వేసుకోండి, వాటిని హాట్ ప్రెస్‌లో దాచకండి. ఇక గనిలో కింద చాయ్ ఇస్తారా అని మా ఇంటికి ఫోన్ చేసి ఎవరినడిగినా, ఇస్తారనే చెబుతాం.